రోడ్ సైకిల్ గేర్లు సరిగా పడటం లేదా? మా నెల్లూరు వైపు నుంచి పదే పదే వచ్చే ప్రశ్నలు

ఆదివారం తెల్లవారుజామున నెల్లూరు నుంచి మైపాడు బీచ్ దాకా తొక్కి వచ్చే వాళ్లం కొందరం ఉన్నాం. మొదట్లో ఇద్దరం ముగ్గురమే, ఇప్పుడు కావలి, గూడూరు, ఒంగోలు నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. అడిగేది మాత్రం దాదాపు ఒకటే: "అన్నా, గేరు పడటం లేదు, ఏ స్క్రూ తిప్పాలి?" చాలాసార్లు ఏ స్క్రూ తిప్పక్కర్లేదు. చక్రం సరిగా కూర్చోకపోవడమో, హ్యాంగర్ వంగడమో, కేబుల్ లోపల తుప్పు పట్టడమో, చైన్ అరగడమో అయి ఉంటుంది. అది చూడకుండా స్క్రూలు తిప్పితే ఉన్న ఒక సమస్య రెండవుతుంది. ఎవరికి ఏది కావాలంటే అది తీసి చదువుకునేలా రాశాను, అందుకే కొన్ని మాటలు రెండు మూడు చోట్ల మళ్లీ కనిపిస్తాయి.

## స్క్రూడ్రైవర్ పట్టుకోకముందు

పేర్లే తెలియవు. డీరైలర్, హ్యాంగర్, క్యాసెట్... ఇవన్నీ ఏంటి?

వెనక చక్రానికి పళ్ల బిళ్లలు వరసగా పేర్చి ఉంటాయి కదా, ఆ కట్ట మొత్తం క్యాసెట్. దాని కింద రెండు చిన్న పళ్ల చక్రాలతో వేలాడుతూ చైన్‌ని అటూ ఇటూ నెట్టేది వెనక డీరైలర్. ఆ డీరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క హ్యాంగర్. హ్యాండిల్ మీద బ్రేకుతో కలిసి ఉండే గేరు లివర్ షిఫ్టర్. షిఫ్టర్ నుంచి డీరైలర్ దాకా వెళ్లే సన్నని తీగ ఇన్నర్, దాని మీద తొడుగు ఔటర్. ఆ ఔటర్ డీరైలర్‌లోకి దూరే చోట వేళ్లతో తిప్పగలిగే చిన్న గొట్టం ఉంటుంది, అదే బ్యారెల్. పెడల్ దగ్గర ఉండే పెద్ద, చిన్న పళ్ల చక్రాలని ఇక్కడ ముందు పెద్ద చక్రం, ముందు చిన్న చక్రం అంటాను, వాటి మధ్య చైన్‌ని మార్చేది ముందు డీరైలర్. ఇవి తెలిస్తే చాలు.

పంక్చర్ వేసుకుని చక్రం మళ్లీ పెట్టాక గేర్లన్నీ తప్పాయి. చక్రం తీస్తే సెట్టింగ్ పోతుందా?

పోదు. చక్రం గాడిలో పూర్తిగా కూర్చోలేదు, అంతే. 8 స్పీడు, అంటే 8 బిళ్లల క్యాసెట్‌లో ఒక బిళ్ల నుంచి పక్క బిళ్లకి దూరం 4.8 మిల్లీమీటర్లు, 11 స్పీడులో సుమారు 3.7. ఇంత సన్నని లెక్కలో ఇరుసు ఒక మిల్లీమీటరు పక్కకి ఉన్నా గేర్లన్నీ ఒకేసారి తప్పుతాయి. సైకిల్ తలకిందులుగా ఉండగా క్విక్ రిలీజ్ (ఇరుసుని బిగించే లివర్) బిగిస్తే ఇలా ఎక్కువగా జరుగుతుంది. సైకిల్‌ని నేల మీద నిలబెట్టండి, క్విక్ రిలీజ్ వదులు చేయండి, సీటు మీద చేత్తో గట్టిగా కిందికి నొక్కండి, చక్రం గాడిలోకి దిగిన చప్పుడు వినిపిస్తుంది, అప్పుడు బిగించండి. ఇకమీదట వెనక చక్రం తీసే ప్రతిసారీ చైన్‌ని వెనక చిన్న బిళ్ల మీదికి దించి తీయండి, పెట్టేటప్పుడు తేలిక.

స్నేహితుడి చక్రం అరువు తెచ్చి వేసుకుంటే మాత్రం క్యాసెట్ వెంట్రుకవాసి తేడాగా ఉండొచ్చు. అప్పుడు బ్యారెల్ పావు చుట్టో అర చుట్టో తిప్పాల్సి వస్తుంది.

నిన్నటిదాకా బ్రహ్మాండంగా ఉంది, ఈ రోజు ఒక్కో గేరుకి రెండుసార్లు నొక్కాల్సి వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఏ వైపు పోతున్నప్పుడు ఇబ్బందో ముందు తేల్చుకోండి. నేను ఫోన్‌లో అడిగే మొదటి ప్రశ్న ఇదే. చిన్న బిళ్ల నుంచి పెద్ద బిళ్లకి ఎక్కేటప్పుడు మాత్రమే బద్ధకిస్తోందంటే కేబుల్ వదులైంది. పెద్ద దాని నుంచి చిన్న దానికి దిగేటప్పుడు మాత్రమే ఆగి ఆగి దిగుతోందంటే కేబుల్ ఎక్కువ బిగుతుగా ఉంది, లేదా ఔటర్ లోపల తీగ రాసుకుంటోంది. దించేది స్ప్రింగు కాబట్టి కాస్త రాపిడి ఉన్నా దానికి లాగే శక్తి చాలదు. రెండు వైపులా ఇబ్బందే అయితే బ్యారెల్ ఎంత తిప్పినా కుదరదు. ఒక వైపు సరిచేస్తే ఇంకో వైపు చెడుతుంది. అప్పుడు హ్యాంగర్ వంగిందా, కేబుల్ తుప్పు పట్టిందా అని చూడాలి.

పడలేదు, గుద్దుకోలేదు. చెన్నై నుంచి బస్సు డిక్కీలో తెచ్చాను, అప్పటి నుంచి గేర్లు పిచ్చిపిచ్చిగా ఉన్నాయి.

హ్యాంగర్ వంగి ఉంటుంది. సైకిల్‌ని కుడి పక్కకి పడుకోబెట్టి మీద నాలుగు సూట్‌కేసులు పెడితే ఆ బరువంతా డీరైలర్ మీదే పడుతుంది. ఫ్రేమ్ దెబ్బతినకుండా ముందు తాను వంగిపోయేందుకే ఆ ముక్కని మెత్తటి అల్యూమినియంతో చేస్తారు, అది తన పని తాను చేసింది.

ఇంట్లో చూసుకునే పద్ధతి ఇది. చైన్‌ని మధ్య బిళ్ల మీద పెట్టి, సైకిల్ వెనక రెండు మూడడుగుల దూరంలో గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి చూడండి. చైన్ ఉన్న బిళ్ల, డీరైలర్ పై చక్రం, కింది చక్రం మూడూ ఒకే నిలువు గీత మీద కనిపించాలి. కింది చక్రం స్పోకుల వైపు వాలి ఉంటే హ్యాంగర్ లోపలికి వంగినట్టే. పైనుంచి కూడా ఒకసారి చూడండి, ఒక్కోసారి మెలి తిరిగి ఉంటుంది.

కొంచెం వంగితే దాన్ని సరిచేసే పొడవాటి కొలత పనిముట్టు ఉంటుంది. డీరైలర్ విప్పి ఆ రంధ్రంలో దాన్ని బిగించి, రిమ్‌కి నాలుగు వైపులా దూరం సమానంగా వచ్చేలా వంచుతారు. చేత్తోనో పానాతోనో అంచనాగా వంచడం నేను ఒప్పుకోను. ఒకే హ్యాంగర్‌ని రెండు మూడుసార్లు వంచితే విరుగుతుంది. ప్రతి ఫ్రేమ్‌కీ దాని ఆకారం వేరు, అంగడికి వెళ్లి "హ్యాంగర్ ఇవ్వండి" అంటే దొరకదు. పాతది విప్పి ఫోటో తీసి, అదే ఆకారం చూసి ఒకటి అదనంగా కొని సీటు కింద సంచీలో పెట్టుకోండి. ఇక సైకిల్‌ని ఎప్పుడు పడుకోబెట్టినా చైన్ వైపు పైకి ఉండాలి.

టక్ టక్ అని చప్పుడు. గేరుదా, పెడల్‌దా, ఇంకెక్కడిదో తెలియడం లేదు.

చప్పుడు ఎంతకోసారి వస్తోందో లెక్కపెట్టండి. పెడల్ ఒక చుట్టుకి ఒకసారి వస్తే అది క్రాంక్ (పెడల్ బిగించి ఉండే చెయ్యి), పెడల్, లేదా ముందు డీరైలర్‌కి ఏదో తగలడం. తొక్కడం ఆపినా వస్తుంటే చక్రంలో ఉంది. పెడల్ రెండు చుట్లు దాటాక ఒకసారి వస్తుంటే చైన్‌లో ఒక లింకు బిగుసుకుంది, ఎందుకంటే ముందు 50 పళ్ల చక్రం మీద ఉన్నప్పుడు చైన్ మొత్తం ఒకసారి తిరిగి రావడానికి పెడల్ రెండు చుట్ల కంటే కాస్త ఎక్కువ పడుతుంది. పెడల్‌ని చేత్తో వెనక్కి నిదానంగా తిప్పుతూ డీరైలర్ కింది చక్రం దగ్గర చూడండి, బిగుసుకున్న లింకు అక్కడ వంగకుండా మోకాలు ఎత్తినట్టు లేచి దూకుతుంది. ఆ లింకుకి ఒక చుక్క నూనె వేసి రెండు చేతులతో అటూ ఇటూ పక్కలకి ఆడిస్తే చాలా వరకు వదులుతుంది.

## సవరించేటప్పుడు

బ్యారెల్ ఎటు తిప్పితే ఏమవుతుంది? ప్రతిసారీ మర్చిపోతున్నాను.

సైకిల్ వెనక నిలబడి బ్యారెల్‌ని చూడండి. గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పితే కేబుల్ బిగుస్తుంది, చైన్ స్పోకుల వైపు, అంటే పెద్ద బిళ్లల వైపు జరుగుతుంది. గడియారం ముల్లు వైపు తిప్పితే వదులై చిన్న బిళ్లల వైపు జరుగుతుంది. ఒకేసారి పావు చుట్టుకి మించి తిప్పకండి. తిప్పాక పెడల్ తిప్పుతూ రెండు మూడు గేర్లు మార్చి చూసి, అప్పుడు మళ్లీ పావు. ఎన్ని పావులు తిప్పారో లెక్క పెట్టుకుంటే వెనక్కి రావడం సులువు.

డీరైలర్ మీద హెచ్, ఎల్ అని రెండు స్క్రూలున్నాయి. వాటిని తిప్పితే సరిపోతుందా?

సరిపోదు, దయచేసి మొదట వాటి జోలికి పోకండి. అవి గేరుని సవరించేవి కావు, హద్దులు పెట్టేవి. హెచ్ అని రాసి ఉన్నది చైన్ చిన్న బిళ్ల దాటి ఫ్రేమ్ వైపు పడకుండా ఆపుతుంది, ఎల్ అని ఉన్నది పెద్ద బిళ్ల దాటి స్పోకుల్లోకి పోకుండా ఆపుతుంది. మధ్య గేర్లతో వాటికి సంబంధమే లేదు. ఒకసారి సరిగా పెడితే వాటంతట అవి మారవు కూడా. కాబట్టి నిన్నటిదాకా బాగున్న సైకిల్ ఇవాళ చెడిందంటే తప్పు వాటిది కాదు.

వీటిని తిప్పాల్సింది కొత్త డీరైలర్, కొత్త క్యాసెట్, కొత్త చక్రం వేసినప్పుడు, లేదా హ్యాంగర్ సరిచేశాక. ఎల్ స్క్రూ సరిగా ఉందో లేదో చూసుకోవాలంటే చైన్‌ని పెద్ద బిళ్ల మీద పెట్టి, పెడల్ నిదానంగా తిప్పుతూ, డీరైలర్‌ని చేత్తో స్పోకుల వైపు తోయండి. చైన్ బిళ్ల దాటి పోబోతోందంటే స్క్రూ ఇంకాస్త లోపలికి బిగించాలి. ఇది ఒక్కటి మాత్రం నిర్లక్ష్యం చేయకండి. పెద్ద గేరులో గట్టిగా తొక్కుతుండగా డీరైలర్ స్పోకుల్లోకి వెళ్తే హ్యాంగర్, డీరైలర్, చక్రం మూడూ పోతాయి, వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసి మనిషి కూడా పడతాడు.

మొదటి నుంచి అంతా సెట్ చేయాలి. వరస చెప్పండి.

మొదట వెనక చక్రం గాడిలో పూర్తిగా ఉందా, హ్యాంగర్ నిటారుగా ఉందా చూడండి. షిఫ్టర్‌ని చివరి క్లిక్కు దాకా వదిలి చైన్‌ని చిన్న బిళ్ల మీదికి దించండి. డీరైలర్ దగ్గర కేబుల్ బోల్టు వదులు చేసి తీగని బయటికి తీయండి. ఇప్పుడు కేబుల్ లేకుండా డీరైలర్ పై చక్రం చిన్న బిళ్లకి సరిగ్గా కింద ఉండాలి, లేకపోతే హెచ్ స్క్రూతో తెచ్చుకోండి. బ్యారెల్‌ని పూర్తిగా లోపలికి తిప్పి ఒకటి రెండు చుట్లు వెనక్కి వదలండి. తీగని చేత్తో గట్టిగా లాగి పట్టుకుని బోల్టు బిగించండి.

ఇప్పుడు ఒక్క క్లిక్కు నొక్కండి. చైన్ రెండో బిళ్ల మీదికి ఎక్కాలి. ఎక్కకపోతే బ్యారెల్‌తో బిగించండి. మూడోదాని మీదికి దూకేస్తే వదలండి. ఎక్కాక ఒక చిన్న ఉపాయం: చైన్ రెండో బిళ్ల మీద ఉండగానే పెడల్ తిప్పుతూ బ్యారెల్‌ని కొంచెం కొంచెం బిగిస్తూ పోండి. ఒక దశలో చైన్ మూడో బిళ్లకి రాసుకుని సర్ర్ అని చప్పుడు మొదలవుతుంది. అక్కడ ఆగి, ఆ చప్పుడు ఆగిపోయేంత వరకు మాత్రమే వెనక్కి వదలండి. అదే సరైన చోటు. కంటికంటే చెవి దీన్ని బాగా పట్టుకుంటుంది, అందుకే ఈ పని పొద్దున్నే వీధిలో సందడి లేనప్పుడు చేస్తాను.

తర్వాత ఒక్కో గేరూ ఎక్కించి, పెద్ద బిళ్ల దగ్గర ఎల్ స్క్రూ చూసి, మళ్లీ ఒక్కోటీ దించండి. చివరగా సైకిల్‌ని రోడ్డు మీద నిజంగా తొక్కి చూడండి. స్టాండు మీద బరువు ఉండదు, రోడ్డు మీద ఉంటుంది.

హెచ్, ఎల్ కాకుండా మూడో స్క్రూ ఒకటుంది. అది దేనికి?

దాన్ని బీ స్క్రూ అంటారు. డీరైలర్ పై చక్రానికీ, క్యాసెట్ పెద్ద బిళ్లకీ మధ్య దూరాన్ని అది నిర్ణయిస్తుంది. మరీ దగ్గరైతే పెద్ద గేరులో గరగరమంటుంది, మరీ దూరమైతే గేర్లన్నీ మెతకగా పడతాయి. చాలా రోడ్ సైకిళ్లకి 5 నుంచి 6 మిల్లీమీటర్ల సందు బాగుంటుంది. క్యాసెట్‌ని పెద్ద పళ్లదానికి మార్చినప్పుడు తప్ప దీంతో పని పడదు.

## ముందు గేర్లు

ముందు చిన్న చక్రం నుంచి పెద్దదానికి ఎంత నొక్కినా ఎక్కడం లేదు.

మొదట ముందు డీరైలర్ ఎత్తు చూడండి. దాని బయటి రేకు అంచుకీ, పెద్ద చక్రం పళ్ల కొసలకీ మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే ఒక రూపాయి నాణెం దూరేంత. పైనుంచి చూస్తే ఆ రేకు చక్రానికి సమాంతరంగా కనిపించాలి. ఈ రెండూ సరిగా ఉంటే కేబుల్ వదులై ఉంటుంది. ఎడమ షిఫ్టర్ చివరి దాకా వదిలి, బోల్టు విప్పి, తీగ లాగి మళ్లీ బిగించండి. అయినా ఎక్కకపోతే అప్పుడు హెచ్ స్క్రూ పావు చుట్టు వదలండి. పెద్ద చక్రం, వెనక చిన్న బిళ్ల మీద చైన్ ఉన్నప్పుడు బయటి రేకు చైన్‌కి తగలకుండా అర మిల్లీమీటరు దగ్గర ఆగాలి.

ఇంకొకటి, పెడల్ మీద బలం తగ్గించి నొక్కండి. ఫ్లైఓవర్ మధ్యలో నిలబడి తొక్కుతూ ముందు గేరు మార్చబోతే ఎంత మంచి సైకిలైనా మొరాయిస్తుంది.

చైన్ మాటిమాటికీ లోపలికి, ఫ్రేమ్ వైపు పడిపోతోంది.

ముందు డీరైలర్ ఎల్ స్క్రూ వదులుగా ఉంది. చైన్‌ని ముందు చిన్న చక్రం, వెనక పెద్ద బిళ్ల మీద పెట్టి చూడండి, లోపలి రేకు చైన్‌కి దాదాపు ఆనుకునేంత దగ్గరగా, అర మిల్లీమీటరు లోపు ఉండాలి. తొక్కుతుండగా చైన్ పడితే వెంటనే దిగక్కర్లేదు. బలం లేకుండా మెల్లగా పెడల్ తిప్పుతూ పెద్ద చక్రం వైపు షిఫ్టర్ నొక్కండి, చాలాసార్లు చైన్ దానంతట అదే ఎక్కుతుంది. పట్టేసినట్టు అనిపిస్తే మాత్రం ఆపేయండి, బలవంతం చేస్తే కార్బన్ ఫ్రేమ్ గీసుకుపోతుంది.

కొన్ని గేర్లలో ముందు రేకుకి చైన్ రాసుకుంటోంది. పాడైందా?

ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద బిళ్ల. లేదా ముందు చిన్నది, వెనక చిన్నది. ఈ రెండు జతల్లో చైన్ బాగా ఐమూలగా పోతుంది, రాసుకోవడం మామూలే, ఆ జతలు వాడకండి. మిగతా గేర్లలో రాసుకుంటే ఎడమ లివర్‌ని పూర్తిగా కాకుండా సగం నొక్కి చూడండి. చాలా రోడ్ షిఫ్టర్లలో డీరైలర్‌ని కొంచెమే జరిపే సగం క్లిక్కు ఉంటుంది, ఉందని తెలియకుండానే ఏళ్ల తరబడి తొక్కేవాళ్లున్నారు.

## కేబుల్, షిఫ్టర్

కేబుల్, ఔటర్ కొత్తవి వేయించాను. పాతవాటికంటే అధ్వానంగా ఉంది, ఎందుకు?

నా సైకిల్‌కే జరిగింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒకసారి అర్జెంటుగా ఒక అంగడిలో ఔటర్ మార్పించాను. పని నీటుగా చేశారు, నల్లటి కొత్త తొడుగు, చూడ్డానికి బాగుంది. ఇంటికొచ్చేసరికి ఏ గేరూ రెండు నిమిషాలు నిలవలేదు. హ్యాండిల్ తిప్పితే చాలు, గేరు మారిపోయేది. మూడు రోజులు బ్యారెల్ తిప్పాక ఔటర్ కొసని కత్తిరించి చూశాను. లోపల తీగ స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని ఉంది. అది బ్రేకు ఔటర్.

గేరు ఔటర్ లోపల సన్నని ఉక్కు తీగలు పొడుగునా నిలువుగా వెళ్తాయి, అందుకని లాగినప్పుడు నొక్కుకోదు. బ్రేకుదానిలో తీగ చుట్టలుగా ఉంటుంది, లాగితే స్ప్రింగు కాబట్టి కాస్త కుంగుతుంది. బ్రేకుకి ఆ కుంగుడు తెలియదు, గేరుకి ఒక మిల్లీమీటరు కూడా ఎక్కువే. రోడ్ సైకిల్ గేరు ఔటర్ సాధారణంగా 4 మిల్లీమీటర్ల లావు, బ్రేకుది 5. ఇన్నర్ తీగ గేరుకి 1.2 మిల్లీమీటర్లు, బ్రేకుకి 1.6 దాకా. ఈ తేడా బ్రేకుకి తిరగేసి వర్తిస్తే మరీ ప్రమాదం: గేరు ఔటర్‌ని బ్రేకుకి వేస్తే గట్టిగా పట్టినప్పుడు చీలిపోగలదు.

మా ఊళ్లలో సైకిల్ మెకానిక్కులు చక్రం గోట తీయడంలో, బేరింగుల్లో చేయి తిరిగినవాళ్లు. వాళ్ల దగ్గరికి వచ్చే సైకిళ్లలో ఈ గేరు కేబుల్ పని తక్కువ, అంతే. గేరు ఔటర్, ఇన్నర్ మీరే కొని తీసుకెళ్లి ఇవ్వండి. కత్తిరించాక ఔటర్ కొస చదునుగా ఉండాలని, లోపలి ప్లాస్టిక్ గొట్టం నొక్కుకుపోతే సూదితో తెరవమని, కొసలకి టోపీలు తొడగమని చెప్పండి. చెబితే చక్కగా చేస్తారు.

కొత్త సైకిల్ కొని నెల కాలేదు, అప్పుడే గేర్లు తప్పుతున్నాయి. కేబుల్ సాగిందా?

ఉక్కు తీగ అంతగా సాగదు. ఔటర్ కొసలు టోపీల్లో, టోపీలు ఫ్రేమ్ గాళ్లలో సర్దుకుని కూర్చుంటాయి, దాంతో కేబుల్ వదులవుతుంది. మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఇది సహజం. బ్యారెల్‌ని గడియారం ముల్లుకి ఎదురుగా అర చుట్టు, అవసరమైతే ఇంకో అర చుట్టు తిప్పండి. కొన్నచోట మొదటి సర్వీసు ఉచితమైతే తప్పకుండా చేయించుకోండి.

రోజురోజుకీ పెద్ద గేర్లు పడటం తగ్గిపోతోంది. బ్యారెల్ తిప్పితే రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ అంతే.

షిఫ్టర్ తల లోపల కేబుల్ తెగుతోంది. ఈ లక్షణం కనిపిస్తే ఆ వారమే విప్పి చూడండి. గేరు తీగ అంటే సన్నని పోగులు మెలివేసినది, షిఫ్టర్ లోపల ఒక ఇరుకు మలుపు దగ్గర వంగి వంగి ఒక్కో పోగూ తెగుతుంది. హ్యాండిల్ టేపు కిందుగా కేబుల్ పోయే షిఫ్టర్లలో ఇది ఎక్కువ చూశాను. షిఫ్టర్ మీది రబ్బరుని వెనక్కి మడిచి, షిఫ్టర్‌ని చివరి దాకా వదిలి, తీగ తల దగ్గర టార్చి వేయండి. తెగిన పోగు ఒకటి తుమ్మముల్లులా బయటికి పొడుచుకుని ఉంటే ఇక ఒక్క రైడ్ కూడా దానితో వెళ్లకండి. పూర్తిగా తెగి ముక్క లోపల ఇరుక్కుంటే దాన్ని చిన్న పట్టకారుతో ఒక్కో పోగూ ఏరాల్సి వస్తుంది, ఒక్కోసారి షిఫ్టరే పోతుంది. నేనైతే తెగేదాకా ఆగను, ఏడాదికొకసారి ఇన్నర్ మార్చేస్తాను. దాని ఖరీదు, షిఫ్టర్ ఖరీదు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

లివర్ నొక్కితే ఏమీ తగలకుండా ఖాళీగా పోతోంది. కొన్నేళ్లు పక్కన పెట్టిన సైకిల్.

లోపలి గ్రీజు ఎండి జిగురైంది, క్లిక్కుని పట్టే చిన్న కొక్కేలు దానికి అతుక్కుపోయాయి. షిఫ్టర్‌ని మార్చే ముందు రబ్బరు మడిచి, సన్నని గొట్టం ఉన్న స్ప్రే నూనెని లోపలికి కొట్టి, లివర్‌ని యాభై అరవై సార్లు నొక్కండి. కాసేపాగి మళ్లీ. మురికి కారిపోయేదాకా నాలుగైదు విడతలు చేస్తే చాలా షిఫ్టర్లు ప్రాణం పోసుకుంటాయి. ఆ తర్వాత పలచటి నూనె నాలుగు చుక్కలు వేయండి.

## అరిగినవి మార్చేటప్పుడు

కొత్త చైన్ వేశాక గట్టిగా తొక్కితే జారుతోంది. చైన్ నకిలీదా?

చైన్ మంచిదే, క్యాసెట్ అరిగింది. అరిగిన పాత చైన్, అరిగిన పళ్లు ఒకదానికొకటి అలవాటు పడి ఉంటాయి, కొత్త చైన్ వాటి మీద కూర్చోదు. మన రోడ్లు చదును, ఎక్కడాలు అంటే రైల్వే ఫ్లైఓవర్లే, కాబట్టి ఎప్పుడూ అవే రెండు మూడు మధ్య బిళ్లల మీద తొక్కుతాం. పెద్ద బిళ్లలు కొత్తవాటిలా మెరుస్తుంటాయి, మధ్యవి మాత్రం సొరచేప పళ్లలా ఒక వైపుకి వాలి ఉంటాయి. ఏ గేరులో జారుతోందో గమనిస్తే మీకే తెలిసిపోతుంది. క్యాసెట్ మార్చక తప్పదు.

చైన్ ఎప్పుడు మార్చాలి? ఎన్ని కిలోమీటర్లకి?

కిలోమీటర్లు నమ్మకండి, కొలవండి. 12 అంగుళాల గుర్తులున్న స్టీలు స్కేలు తీసుకుని, సున్నాని ఒక పిన్ను మధ్యలో పెట్టండి. కొత్త చైన్‌లో సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్య వస్తుంది. అది అంగుళంలో 16వ వంతు బయటికి జరిగిందంటే చైన్ మార్చే సమయం వచ్చింది. 8వ వంతు దాటితే క్యాసెట్ కూడా పోయినట్టే లెక్క. చైన్ చెకర్ (చైన్ అరుగుదల కొలిచే పనిముట్టు) ఉంటే 11, 12 స్పీడుకి 0.5 దగ్గర, 10 లోపు స్పీడులకి 0.75 దగ్గర మార్చండి. వేళకి చైన్ మారిస్తే ఒక క్యాసెట్ మీద రెండు మూడు చైన్లు నడుస్తాయి.

10 స్పీడు సైకిల్‌కి చవగ్గా దొరికిన పాత డీరైలర్ వేశాను, గేర్లు కుదరడం లేదు.

షిఫ్టర్ ఒక క్లిక్కుకి ఎంత తీగ లాగుతుందో, డీరైలర్ దానికి ఎంత జరుగుతుందో రెండూ కలవాలి. 10 స్పీడు అని రాసి ఉన్నంత మాత్రాన కలవదు. షిమానో కంపెనీ టియాగ్రా 4700 కూడా 10 స్పీడే, కానీ అంతకుముందు వచ్చిన 10 స్పీడు రోడ్ సామానుతో కలవదు. కొనే ముందు వెనక చెక్కి ఉన్న మోడల్ నంబరు చూడండి.

## దారిలో ఆగిపోతే

హైవే మీద వెనక గేరు కేబుల్ తెగింది, చైన్ చిన్న బిళ్ల మీదికి పడిపోయింది. 30 కిలోమీటర్లు ఎలా రావాలి?

హెచ్ స్క్రూని లోపలికి బిగిస్తూ పోండి. డీరైలర్ లోపలికి జరిగి రెండో మూడో బిళ్ల మీద నిలబడుతుంది. ఇంకా తేలిక గేరు కావాలంటే డీరైలర్‌ని చేత్తో మధ్య బిళ్ల దాకా తోసి, అక్కడ మిగిలిన తీగని లాగి బాటిల్ పెట్టే స్టాండు బోల్టు కింద బిగించండి. ముందు రెండు చక్రాలు ఎలాగూ పనిచేస్తాయి, కాబట్టి రెండు గేర్లున్నట్టే. వేలాడే తీగని చుట్టి కట్టేయండి, స్పోకుల్లో పడకూడదు.

హ్యాంగర్ విరిగి డీరైలర్ వేలాడుతోంది.

తొక్కడం వెంటనే ఆపండి. చైన్ కట్టర్ ఉంటే డీరైలర్‌ని తప్పించి, చైన్‌ని పొట్టి చేసి, ముందు చిన్న చక్రానికీ వెనక మధ్య బిళ్లకీ తిన్నగా వచ్చేలా కలిపి, ఒకే గేరుతో నిదానంగా రావచ్చు. నిలబడి తొక్కితే చైన్ జారుతుంది. కట్టర్ లేకపోతే ఆటో ఎక్కించండి.

డీఐ2 (షిమానో వారి బ్యాటరీతో నడిచే గేర్లు) సైకిల్. పడ్డాక వెనక గేరు కదలడమే లేదు.

దెబ్బ తగిలినప్పుడు మోటారు పాడవకుండా డీరైలర్ తనని తాను విడదీసుకుంటుంది. 11 స్పీడు వాటిలో జంక్షన్ పెట్టె (తీగలన్నీ కలిసే చిన్న డబ్బా) మీది బటన్‌ని ఎర్ర లైటు వెలిగి ఆరే దాకా, 5 సెకన్లు దాటి నొక్కి పట్టుకుని, పెడల్ తిప్పితే మళ్లీ కలుస్తుంది. ఆ పని చేసే ముందు హ్యాంగర్ వంగిందేమో కళ్లతో చూడండి. పడకుండానే ముందు గేరు ఒక్కటే ఆగిపోతే చార్జింగ్ అయిపోవస్తోంది, వెనకది ఇంకాసేపు పనిచేస్తుంది, ఇంటిముఖం పట్టండి.

## ఉప్పుగాలి, వాన, ఇసుక

వారం వారం బీచ్‌కి వెళ్తాం. ఆరు నెలలకే కేబుళ్లు పట్టేస్తున్నాయి.

మైపాడు, కొత్తకోడూరు, కొత్తపట్నం ఎటు వెళ్లినా గాలిలోనే ఉప్పుంది. దానికి తోడు దారిలో రొయ్యల బండ్ల నుంచి కారే నీళ్లు రోడ్డు మీద తడిగా ఉంటాయి, ఆ తుంపర నేరుగా డీరైలర్ మీద పడుతుంది. వచ్చిన రోజే మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో డీరైలర్, చైన్, కేబుల్ బయటికి కనిపించే చోట్లన్నీ తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, చైన్‌కి నూనె వేయండి. మర్నాటికి వాయిదా వేస్తే చైన్ మీద కాషాయం రంగు పొర వచ్చేస్తుంది. ఇన్నర్ స్టెయిన్‌లెస్ స్టీలుదే కొనండి. డీరైలర్‌లోకి వెళ్లే చివరి ఔటర్ ముక్కలోనే మొదట తుప్పు పడుతుంది. మొత్తం కేబుల్ మార్చకపోయినా ఆ జానెడు ముక్క ఒక్కటి మారిస్తే చాలాసార్లు గేర్లు మళ్లీ కొత్తవాటిలా పడతాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలే. వానలో తొక్కాక గేరు బరువైంది.

సైకిల్‌ని పక్కకి వాల్చి పెడల్ ఇరుసు అడుగున చూడండి. చాలా ఫ్రేములకి అక్కడ కేబుళ్లు జారే ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. బురదంతా దానిలో చేరి, ఎండాక మట్టిగడ్డలా తీగని పట్టుకుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో కడిగి, ఆరాక పలచటి నూనె ఒక చుక్క వేయండి. కడగమన్నాను కదా అని మోటారు సైకిళ్లు కడిగే వాటర్ సర్వీస్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి, ఆ ఒత్తిడికి నీళ్లు బేరింగుల్లోకీ ఔటర్ లోకీ దూరతాయి.

చైన్‌కి ఇంజన్ ఆయిల్ వేయొచ్చా? కొబ్బరినూనె?

రెండూ వద్దు. ఇంజన్ ఆయిల్ చిక్కన, ఇసుకని అతికించుకుని నల్లటి రుబ్బుడు ముద్దలా మారి చైన్‌నీ పళ్లనీ అరగదీస్తుంది. కొబ్బరినూనె కొన్నాళ్లకి జిగురైపోతుంది. సైకిల్ చైన్ నూనె చిన్న సీసా కొంటే నెలల తరబడి వస్తుంది. ముందు కిరోసినో డీజిలో తడిపిన గుడ్డతో చైన్ తుడిచి ఆరనివ్వండి, ఒక్కో రోలర్ (లింకుల మధ్య తిరిగే చిన్న గొట్టం) మీద ఒక్క చుక్క వేసి పెడల్ కాసేపు తిప్పండి, పది నిమిషాలాగి బయట ఉన్న నూనెనంతా పొడిగుడ్డతో తుడిచేయండి. నూనె ఉండాల్సింది రోలర్ లోపల. తుడిచాక చైన్‌ని వేళ్లతో పట్టుకుంటే వేలికి మరక సన్నగా అంటాలి, కారకూడదు.